గంగులు మోకు

చెప్పేవాళ్ళకి తీరిక, వినేవాళ్ళకి ఓపిక ఉన్న రోజుల్లో, గోదారి సముద్రంలో కలిసే చోట మూడు లంకలు ఉండేవి. ఎగువన మేకలంక. నడుమ గువ్వలలంక. దిగువన, ఉప్పుగాలి తగిలే చోట, ఉప్పులంక. చుట్టూ నీళ్ళే. ఉప్పు కావాలన్నా పడవే, పప్పు కావాలన్నా పడవే, పెళ్ళికైనా చావుకైనా పడవే. ఆ లంకల్లో పిల్లలు నడక కంటే ముందు పడవెక్కడం నేర్చుకునేవాళ్ళు.

అలాంటి చోట, గువ్వలలంకలో, నీళ్ళంటే భయపడే మనిషి ఒకడు ఉండేవాడు. పేరు గంగులు.

గంగమ్మ తల్లి పేరు పెట్టుకున్నవాడికి నీళ్ళంటే భయమేమిటని జనం నవ్వేవాళ్ళు. పసితనంలో నీళ్ళలో పడ్డాడా అంటే పడలేదు. మొసలి తరిమిందా అంటే తరమలేదు. ఎందుకు భయమో వాళ్ళమ్మకీ తెలీదు, అతనికీ తెలీదు. ఎవరైనా అడిగితే ఒకటే మాట చెప్పేవాడు.

"నేల కదలదు, నీళ్ళు కదులుతాయి. కదిలేదాని మీద ఎలా కూచోను?"

అందుకని గంగులు ఏనాడూ పడవెక్కలేదు. గువ్వలలంకలో పుట్టాడు, గువ్వలలంకలో పెరిగాడు, గువ్వలలంక పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు. కొబ్బరి డొక్కలు బురదలో నానేసి, బాది, పీచు తీసి, తాళ్ళు పేనేవాడు. ఆవుల పలుపులు, బావి చేంతాళ్ళు, ఉయ్యాల తాళ్ళు. తాళ్ళు పడవెక్కి మూడు లంకలకీ వెళ్ళేవి. గంగులు మాత్రం ఇంటి ముందు మట్టి అరుగు మీదే ఉండేవాడు.

భార్య తొందరగా పోయింది. ఒక్కతే కూతురు, వరాలు. వరాలుకి నీళ్ళంటే భయం లేదు. తండ్రి గట్టు మీద గుండె చేత్తో పట్టుకుని నిలబడితే, ఆ పిల్ల పాయలో ఈదులాడి, తడి జుట్టుతో వచ్చి, తండ్రి వీపు మీద నీళ్ళు చిలకరించి నవ్వేది. ఆ నవ్వు కోసం గంగులు ఆ నీళ్ళని కూడా ఓర్చుకునేవాడు.

వరాలు పెళ్ళీడుకొచ్చింది. ఉప్పులంక నుంచి అంకయ్య అనే కుర్రాడి సంబంధం వచ్చింది. కుర్రాడు నెమ్మదస్తుడు, రెక్కల కష్టం చేసుకునేవాడు. వరాలుకి నచ్చాడు. గంగులుకీ నచ్చాడు. నచ్చనిదల్లా నడుమ ఉన్న పాయ ఒక్కటే.

ఆ పాయ మరీ వెడల్పేం కాదు. ఇటు గట్టున నిలబడితే అటు గట్టున కట్టిన చీర రంగు తెలుస్తుంది. కానీ లోతెక్కువ, నీటి వడి ఎక్కువ.

పెళ్ళి గువ్వలలంకలోనే జరిగింది. పిల్లనిచ్చినవాడు అత్తవారింటి దాకా వెళ్ళి అప్పగించి రావాలి కదా. గంగులు కొత్త పంచె కట్టుకున్నాడు. రేవుకి వెళ్ళాడు, నీళ్ళు చూశాడు, వెనక్కి వచ్చాడు.

పడవలో ఉన్న పెళ్ళివారు కొందరు నవ్వారు. పడవ నడిపే దాలయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. దాలయ్యది పెద్ద గొంతు, పెద్ద నవ్వు. వరాలు మాత్రం పడవ దిగి, పసుపు బట్టలతోనే గట్టెక్కి, తండ్రి దగ్గరికి వచ్చింది.

"నువ్వు రావద్దులే నాన్నా. నేనే వస్తూంటాను" అంది.

గంగులు తల ఊపాడు. గట్టు మీదే కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టాడు. పడవ వెళ్ళిపోయింది. అటు గట్టున పసుపు చీర చెట్ల మధ్య కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

అప్పట్నించీ గంగులు ఎన్నిసార్లు ప్రయత్నించాడో. దసరాకి కూతురు రమ్మని కబురంపితే, అరిసెల మూట చంకన పెట్టుకుని బయల్దేరాడు. ఒక కాలు పడవలో పెట్టాడు. పడవ ఊగింది. పడవ కట్టిన గుంజని రెండు చేతులా కౌగిలించుకున్నాడు. ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టున, చేతులు గుంజకి. నలుగురు కలిసి విడదీయాల్సి వచ్చింది. అరిసెలు పడవెక్కాయి. గంగులు ఇంటికొచ్చాడు.

మరోసారి, చూడకపోతే భయం ఉండదని ఎవరో చెబితే, కళ్ళకి తువ్వాలు కట్టించుకుని ఎక్కాడు. పడవ నాలుగు బారలు కదిలిందో లేదో, చేతికి దొరికిన దాలయ్య కాలు పట్టుకున్నాడు. ఎంత చెప్పినా వదల్లేదు. కాలు కదపలేక దాలయ్య గెడ వెయ్యలేకపోయాడు, పడవ గిర్రున తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. ఆ కథ మూడు లంకల్లోనూ చాలారోజులు చెప్పుకుని నవ్వుకున్నారు. గంగులుకీ నవ్వొచ్చింది. కానీ ఇంటికెళ్ళాక కూతురి కోసం కాసేపు ఏడ్చాడు.

వరాలు అన్న మాట తప్పలేదు, వీలైనప్పుడల్లా వచ్చేది. వచ్చి, తండ్రి ఇల్లు అలికి, జుట్టుకి నూనె రాసి, పులుసు కాచిపెట్టి వెళ్ళేది. అలా ఏడాది గడిచింది. ఆషాఢం వచ్చింది. గోదారికి ఎర్రనీరు వచ్చింది.

ఎర్రనీరు వచ్చిందంటే ఆ పాయలో పడవ నడవదు. కొండల మీది మట్టి కలిసిన నీళ్ళు, మానుల్ని, గడ్డివాముల్ని మోసుకుంటూ సముద్రానికి పరిగెడతాయి. అడ్డమొచ్చిన పడవనీ అలాగే తీసుకుపోతాయి. అందుకని ఆ రోజుల్లో ఎవరి లంకలో వాళ్ళు ఉండిపోయేవాళ్ళు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం అటు గట్టున అంకయ్య కనిపించాడు. వెదురు గెడకి ఎర్రచీర కట్టి ఊపుతున్నాడు. కష్టం వస్తే అలా ఊపడం లంకల ఆనవాయితీ. అరిచాడు కూడా. గాలి ఆ కేకల్ని ముక్కలు చేసింది. ఇటు గట్టున అందరికీ వినబడింది ఒక్క మాటే, జ్వరం.

గంగులు రేవుకి పరిగెత్తాడు. దాలయ్య పడవ పక్కన నిలబడి నీళ్ళకేసి చూస్తున్నాడు.   దాలయ్యే మొదలుపెట్టాడు. గొంతులో ఎప్పుడూ ఉండే పెద్ద నవ్వు లేదు.

"ఈవేళ నాకూ కాళ్ళు వణుకుతున్నాయన్నా. పడవ చూస్తే ఎక్కబుద్ధి కావడం లేదు" అన్నాడు. గంగులు వైపు తిరిగాడు. "నీకు రోజూ ఇలాగే ఉంటుందా?"

"రోజూ ఇలాగే ఉంటుంది."

"పాయ చెరువులా నిలిచి ఉన్నప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

 ఇన్నాళ్ళూ నవ్వినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు దాలయ్య. గంగులు వినలేదు. అటు గట్టుకేసే చూస్తున్నాడు.

"పట్టుకోవడానికి ఏదైనా ఉంటే వెళ్దును తమ్ముడా" అన్నాడు. "ఇక్కణ్ణించి అక్కడిదాకా, చేతికి ఏదైనా ఉంటే."

వరాలు అదృష్టం, జ్వరం తనంతట తనే దిగింది. నీళ్ళు తీసిన రోజునే మొదటి పడవలో వచ్చి తండ్రి ముందు నిలబడింది. చిక్కి సగమైంది. గంగులు ఆ పిల్ల తల నిమిరాడు, చారన్నం పెట్టాడు, మర్నాడు తెల్లవారగానే తాడు పేనడం మొదలుపెట్టాడు.

ఏం తాడు అని అడిగారు. ఇక్కణ్ణించి ఉప్పులంక దాకా అన్నాడు. జనం మళ్ళీ నవ్వారు. దాలయ్య నవ్వలేదు.

మొదటి తాడు ఆవు పలుపంత లావు పేనాడు. దాలయ్య దాని కొసని పడవలో అటు గట్టుకి తీసుకెళ్ళి చెట్టుకి కట్టాడు. ఆ రోజు సముద్రానికి పోటొచ్చింది. తాడు బిగిసింది, తెగింది, కొట్టుకుపోయింది.

రెండో తాడు మనిషి మణికట్టంత లావు పేనాడు. పోటుకి ఆగింది, నీళ్ళు వెనక్కి తీసే పాటుకీ ఆగింది. కానీ చెట్టుకి ఒరుసుకుని ఒరుసుకుని, ఒకరోజు గట్టు మీదే తెగి, పాములా నీళ్ళలోకి జారిపోయింది.

గంగులు గట్టు మీద కూచుని జారిపోయిన తాడు పోయిన దారి చూశాడు. అరచేతులు పుండ్లు పడి ఉన్నాయి. ఆ పూట వరాలు వచ్చింది. ఆ చేతులు చూసి కోపం వచ్చింది ఆమెకి. పసుపు, నూనె కలిపి రాస్తూ, ఇక చాలించమని, నేనే వస్తూ పోతూ ఉంటానని చెప్పాను కదా అని కేకలేసింది. ఆ మీదట తల వంచుకుని, తనకి నెల తప్పిందని చెప్పింది.

గంగులు లెక్కపెట్టుకున్నాడు. నెలలు నిండేసరికి మళ్ళీ ఆషాఢం. మళ్ళీ ఎర్రనీరు.

తొలికాన్పు పుట్టింట్లో కదా, ఎర్రనీరు రాకముందే వచ్చేస్తానంది వరాలు. రమ్మన్నాడు గంగులు. కానీ తాడు మాత్రం ఆపలేదు.

ఈసారి మోకు పేనాలనుకున్నాడు. మణికట్టంత తాళ్ళు మూడు, మూడూ కలిపి మళ్ళీ పురి పెట్టి ఒక్క మోకు. అంత పీచు ఒక్క మనిషి వల్ల కాదు. దాలయ్య పడవేసుకుని మూడు లంకలూ తిరిగాడు. ఇంటింటికీ వెళ్ళి, తన పెద్ద గొంతుతో డొక్కలడిగాడు. మేకలంకవాళ్ళు ఇచ్చారు. గువ్వలలంకవాళ్ళు ఇచ్చారు. ఉప్పులంకవాళ్ళు పడవ మునిగేటంత ఇచ్చారు, ఎందుకంటే ఎర్రనీటికి అందరికంటే ఎక్కువ అవస్థ పడేది వాళ్ళే.

అంత మోకుకి పురి పెట్టాలంటే ఇసుక తిన్నె పొడుగునా మనుషులు నిలబడి పట్టుకోవాలి. నవ్వినవాళ్ళు కూడా వచ్చి పట్టుకున్నారు. కొత్త కోడళ్ళు పట్టుకున్నారు, ముసలమ్మలు పట్టుకున్నారు. ఒక కొసన గంగులు పురి తిప్పుతుంటే ఆ తిప్పు అందరి చేతుల్లోంచీ పాకుతూ రెండో కొసకి వెళ్ళేది. వచ్చిన రోజుల్లో వరాలు కూడా ఒక చెయ్యి వేసి, మధ్యాహ్నం గంజి కాచి పోసేది. సంకురాత్రి దాటి, మాఘం దాటి, ఎండలు ముదిరేసరికి మోకు తయారైంది.

అటో గుంజ, ఇటో గుంజ, తాటి మానులు పాతారు. ఒరుసుకోకుండా గుంజలకి మెత్తగా పీచు చుట్టారు. దాలయ్య కొస తీసుకెళ్ళాడు. ఉప్పులంకంతా కలిసి లాగి కట్టింది. మోకు నీళ్ళ మీద నిలిచింది. పోటొచ్చింది, ఆగింది. పాటొచ్చింది, ఆగింది. పెద్దగాలి వచ్చింది, మోకు మూలిగింది, ఆగింది. గంగులు రోజూ వెళ్ళి దాని మీద చెయ్యేసి వచ్చేవాడు. పడవ మాత్రం ఎక్కలేదు. ఎప్పుడెక్కుతావన్నా అని దాలయ్య అడిగితే, చూద్దాంలే అనేవాడు.

ఆ ఏడు ఎర్రనీరు ముందే వచ్చింది. వరాలు పుట్టింటికి బయల్దేరడానికి మంచిరోజు చూసుకున్నారు, ఆ మంచిరోజుకి ముందే నీళ్ళొచ్చాయి. నిన్న పచ్చగా ఉన్న పాయ పొద్దున లేచేసరికి ఎర్రగా ఉంది. ఎండ పైకెక్కేసరికి అటు గట్టున వెదురు గెడకి ఎర్రచీర లేచింది.

ఈసారి కేకలు వినబడకపోయినా, వరాలుకి నొప్పులొచ్చాయని అందరికీ అర్థమైంది. ఉప్పులంకలో మంత్రసాని లేదు. ఉన్న ఒక్క మంత్రసాని గువ్వలలంక నూకమ్మ. నూకమ్మ పెద్దది, మొండిది. కొంగు నడుముకి దోపుకుని రేవుకొచ్చి, నన్ను దాటించేదెవరు అని అడిగింది.

దాలయ్య మోకు కేసి చూశాడు. నీళ్ళు దాన్ని లాగుతున్నాయి. అది వంగింది కానీ నిలిచే ఉంది.

"నేను చుక్కాని దగ్గరుంటాను" అన్నాడు దాలయ్య. "ముందు కూచుని మోకు పట్టుకుని లాగే మనిషి ఒకడు కావాలి. బలమున్నవాడు కాదు నాకు కావలసింది. ఏమొచ్చినా వదలనివాడు కావాలి."

రేవులో బలమైనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకడు నేనొస్తానన్నాడు. వాడు మంచి ఈతగాడు. దాలయ్య వద్దన్నాడు.

"నీకు ఈతొచ్చురా. పడవ ఒరిగితే మోకు వదిలి నీళ్ళలోకి దూకుతావు. నేనైనా అంతే."

ఇంకెవరూ ముందుకు రాలేదు. దాలయ్య మెల్లగా గంగులు వైపు తిరిగాడు.

"అన్నా, నా కాలు పట్టుకున్నావు, గుర్తుందా? ఎంత విదిలించినా వదల్లేదు నువ్వు."

అప్పుడు ఎవరూ నవ్వలేదు.

గంగులు రేవుకి వెళ్ళాడు, నీళ్ళు చూశాడు. వెనక్కి రాలేదు.

పడవలో కాలు పెట్టాడు. పడవ ఊగింది. గంగులు మోకుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక చెయ్యి ముందుకి, దాని వెనక ఇంకో చెయ్యి. మళ్ళీ ఒకటి. ఒంట్లో వణకని చోటు లేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చేతులు మాత్రం వణకలేదు. ఆ చేతులకి ఆ మోకులో ప్రతి పురీ తెలుసు. ఇది మేకలంక పీచు, ఇది మన ఇంటి వెనక చెట్టుది, ఇది వరాలు పట్టుకున్న రోజు పేనింది అని తనలో తాను చెప్పుకుంటూ లాగాడు.

పాయ నడుమకొచ్చేసరికి వేళ్ళతో సహా కొట్టుకొస్తున్న మాను ఒకటి పడవ మీదికి వచ్చింది. దాలయ్య చుక్కాని తిప్పాడు. మాను పడవ పక్కని రాసుకుంటూ పోయింది. పడవ ఒరిగింది. నీళ్ళు లోపలికొచ్చాయి. దాలయ్య చేతిలోంచి చుక్కాని జారింది. ఒక్క క్షణం ఆ పడవకి లోకంలో ఆధారమల్లా గంగులు రెండు చేతులే. సగం ఒళ్ళు నీళ్ళలో ఉంది, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, నోట్లో నీళ్ళు, చెవుల్లో నీళ్ళు. వదల్లేదు. పడవ లేచి నిలబడింది. దాలయ్య చుక్కాని అందుకున్నాడు. నూకమ్మ దోసిళ్ళతో పడవలో నీళ్ళు తోడుతూ, లాగు నాయనా లాగు, పిల్ల ఎదురు చూస్తోంది అంది.

గంగులు లాగాడు. పడవ అడుగు నేలకి తగిలింది. అంకయ్య పరిగెత్తుకొచ్చి పడవ పట్టుకున్నాడు. నూకమ్మ దిగి ఇంటికేసి నడిచింది. గంగులు మాత్రం మోకు వదల్లేదు. వచ్చేశాం మావయ్యా, వదలవచ్చు అని అంకయ్య ఒకటికి రెండుసార్లు చెప్పాకే కళ్ళు తెరిచాడు.

బిడ్డ అడ్డం తిరిగి ఉందట. నూకమ్మ చాలాసేపు కష్టపడింది. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని తర్వాత చెప్పింది. పొద్దువాలక ముందే ఆడపిల్ల పుట్టింది. గంగులు గుమ్మం బయట తడి బట్టలతో కూచునే, పిల్ల ఎలా ఉందని నూకమ్మని అడిగాడు. లోపల్నించి వరాలు గొంతు నీరసంగా వినబడింది.

"ఎవరది? మా నాన్న గొంతులా ఉందే. నాన్న ఇక్కడికెలా వచ్చాడు?"

"పడవెక్కే వచ్చానమ్మా" అన్నాడు గంగులు.

 లోపల్నించి, పాయలో ఈది వచ్చి తండ్రి వీపు మీద నీళ్ళు చిలకరించినప్పటి నవ్వు వినబడింది. నవ్వలేక నవ్వింది, కానీ నవ్వింది.

నీళ్ళు తీశాక ఇంటికి వెళ్దామని దాలయ్య వచ్చాడు. గంగులు, మనవరాలికి ఉయ్యాల తాడు పేనాలి, రేపెళ్దామన్నాడు. రేపొచ్చింది, ఎల్లుండెళ్దామన్నాడు. మళ్ళీ ఆ పడవెక్కాలి కదా. అలా ఆ లంకలో రెండు నెలలున్నాడు. చివరికి వరాలే పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని పడవెక్కి, నువ్వు లాగితేనే మేం వెళ్ళేదంటే, వచ్చి మోకు పట్టుకున్నాడు.

తర్వాత భయం పోయిందా అంటే, పోలేదు. బతికినన్నాళ్ళూ గంగులు రేవుకి వెళ్ళేవాడు, నీళ్ళు చూసేవాడు, పెద్దగా ఒక ఊపిరి వదిలి ముందు కూచుని మోకు పట్టుకునేవాడు. ప్రతిసారీ కళ్ళు మూసుకునేవాడు. గువ్వలలంక నుంచి మేకలంకకి కూడా ఇంకో మోకు పేనాడు. పండక్కి కూతురింటికి వెళ్ళేవాడు, ఊరికే కూడా వెళ్ళేవాడు, మనవరాలు కలలోకొచ్చిందని కూడా వెళ్ళేవాడు. ఎర్రనీటి రోజుల్లో మంత్రసాని దాటింది, వైద్యుడు దాటాడు, ఉప్పు పప్పు దాటాయి.

ముసలివాడై, ఉప్పులంకలోనే, కూతురి ఇంటి ముందు పీచు ఒలుస్తూ ఒలుస్తూ, తల గోడకి ఆనించి పోయాడు. సొంత లంకకి తీసుకెళ్ళాలని గువ్వలలంక వాళ్ళు పడవ కట్టుకుని వచ్చారు. వరాలు వద్దంది.

"బతికున్నప్పుడు మా అందరి కోసం ఎక్కాడు. ఇంక నాన్నని నీళ్ళ మీదికి ఎక్కించకండి" అంది.

అందుకని గంగులుని ఉప్పులంకలోనే, గట్టుకి దూరంగా, కదలని నేలలో పెట్టారు. మూడు లంకలవాళ్ళూ మోకు పట్టుకుని దాటొచ్చారు.

ఇప్పటికీ ఆ లంకల్లో ఎర్రనీరు రాకముందు ఒక రోజు పెట్టుకుంటారు. ఆ రోజు ప్రతి ఇంటినుంచీ గుప్పెడు పీచు వస్తుంది. పాలు తాగే బిడ్డ పేర కూడా ఒక గుప్పెడు. అందరూ ఇసుక తిన్నె మీద వరసగా నిలబడి కొత్త మోకుకి పురి పెడతారు. దాన్ని తాడనరు, మోకనరు. గంగులు అంటారు. గంగులు బాగున్నాడా, గంగులుకి పీచు మార్చారా అని అడుగుతారు.

ఇంకో మాట కూడా ఉంది. నీళ్ళు పెద్దగా ఉన్న రోజున పడవ కదిలే ముందు దాన్ని నడిపే సరంగు గట్టుకేసి తిరిగి అడుగుతాడు.

"భయమున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ముందుకి రండి, గంగులుని పట్టుకోవాలి."

ఎవరో ఒకరు లేస్తారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలో, పొరుగూరి చుట్టమో, ఒక్కోసారి మీసాలు తిప్పే పెద్దమనిషో. మిగతావాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని దారి ఇస్తారు. ఆ మనిషి వెళ్ళి ముందు కూచుని, కళ్ళు మూసుకోవాలనిపిస్తే మూసుకుని, రెండు చేతులా పట్టుకుంటాడు.

అప్పుడు పడవ కదులుతుంది.